తిరుపతి నుంచి బస్పా లోయకు: చిత్కుల్ ఊరికి నిదానంగా చేరడం ఎలా?

వేసవి సెలవులు దగ్గరపడగానే తిరుపతి, చిత్తూరు వాళ్ల నుంచి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. "చిత్కుల్ ఎలా వెళ్లాలి? సిమ్లా, మనాలితో కలిపి ఒక వారంలో చూసి రావచ్చా?" చిత్కుల్‌కు తప్పకుండా వెళ్లండి, కానీ వాటితో కలిపి చూడాలనుకోకండి. అలా కలిపినవాళ్లు మూడు రోజులు కారులో కూర్చుని, చిత్కుల్‌లో రెండు గంటలు ఫొటోలు తీసుకుని, తలనొప్పితో తిరిగి వస్తున్నారు. ఆ లోయను నడిచి చూడాలి, నడవాలంటే ఒంటికి ఎత్తు అలవాటు కావాలి. కింది పద్ధతంతా ఆ అవసరాన్ని బట్టి చెప్పిందే.

చిత్కుల్ హిమాచల్ ప్రదేశ్‌లోని కిన్నౌర్ జిల్లాలో, బస్పా నది ఒడ్డున సుమారు 3,450 మీటర్ల ఎత్తున ఉంది. మన తిరుమల ఎత్తు 850 మీటర్లకు అటూ ఇటూ, మదనపల్లె దగ్గరి హార్సిలీ హిల్స్ 1,265 మీటర్లు. తిరుమలకు నాలుగింతల ఎత్తు అన్నమాట. అక్కడ ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు సముద్రమట్టంలో అందేదానిలో మూడింట రెండు వంతులే. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతా జాగ్రత్తలు ఎందుకో మీకే అర్థమవుతుంది.

ఎప్పుడు వెళ్లాలి

మే, జూన్ మొదటి సగం, సెప్టెంబరు, అక్టోబరు మొదటి సగం. సెలవులు లేకపోయినా వీలు చేసుకోగలిగితే సెప్టెంబరే ఎంచుకోండి. వానలు తగ్గుతాయి, చిత్కుల్‌కు కిందున్న సాంగ్లాలో ఆపిల్ చెట్లు కాయలతో వంగి ఉంటాయి. ఓగ్లా, ఫాఫ్రా అనే కొండధాన్యాల పొలాలు ఆ రోజుల్లో గులాబీ, ఎరుపు రంగులు తేలి కనిపిస్తాయి.

జులై, ఆగస్టుల్లో వెళ్లవద్దు. టికెట్లు చవకగా దొరికినా వద్దు. 2021 జులైలో ఇదే లోయలోని బట్సేరి దగ్గర కొండరాళ్లు దొర్లిపడి తొమ్మిది మంది పర్యాటకులు చనిపోయారు. ఆ మరుసటి నెలలోనే సట్లెజ్ ఒడ్డు రహదారి మీద నిగుల్సరి దగ్గర కొండచరియ విరిగి బస్సునే కప్పేసింది. చలికాలంలో మంచు పడి చిత్కుల్ దారి మూసుకుపోతుంది, ఊరివాళ్లలోనే చాలామంది కిందికి దిగిపోతారు.

కావలసినవి

- రోజులు: రైలులో వెళ్తే రానూపోనూ 15 లేదా 16. ఢిల్లీ వరకు విమానంలో వెళ్తే 11. అన్నేసి రోజులు లేకపోతే ఈ ప్రయాణం వచ్చే ఏటికి వాయిదా వేసుకోండి, కుదించకండి.
- ఆధార్ కార్డు అసలుది, రెండు జిరాక్సులు. భారతీయులకు చిత్కుల్ వరకు ప్రత్యేక అనుమతి అక్కర్లేదు గానీ, దారిలో సరిహద్దు పోలీసులు అడిగితే చూపాలి.
- నగదు. చిత్కుల్‌లో ఏటీఎం దొరుకుతుందని అనుకోకండి. ఫోన్‌లో చెల్లింపు సిగ్నల్ ఉంటేనే జరుగుతుంది, అక్కడ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. సిమ్లాలోనో, దారిలో దాని తర్వాత వచ్చే రాంపూర్‌లోనో సరిపడా తీసి పెట్టుకోండి.
- బట్టలు పొరలు పొరలుగా: లోపల థర్మల్స్, పైన స్వెటర్, దానిపైన గాలి, వాన ఆపే జాకెట్. మందపాటి స్వెటర్లు మూడు మోయడం కంటే ఇది తేలిక, వెచ్చన కూడా. మంకీ క్యాప్, చేతి తొడుగులు, ఉన్ని సాక్సులు తప్పనిసరి. తిరుపతిలో ఎండాకాలంలో ఇవి దొరకకపోతే కంగారు పడకండి, సిమ్లాలో కొనుక్కోవచ్చు.
- పట్టున్న అడుగు గల బూట్లు. ఇవి మాత్రం ఇక్కడే కొని, కనీసం నెల రోజులు వేసుకుని తిరగండి. కొత్త బూట్లతో కొండల్లో నడిస్తే మొదటి రోజే మడమలు బొబ్బలెక్కుతాయి.
- నల్ల కళ్లద్దాలు, ఎండ క్రీము, పెదవులకు వాసలీన్. అంత ఎత్తులో ఎండ చల్లగా అనిపిస్తూనే చర్మాన్ని కాల్చేస్తుంది.
- టార్చి, ఫ్లాస్కు, మీరు రోజూ వేసుకునే మందులు రెండింతలు.
- కందిపొడి, పులిహోర పేస్టు, ఊరగాయ సీసా. అక్కడ అన్నం, రాజ్మా, రొట్టెలు బాగానే దొరుకుతాయి. కానీ ఎత్తు మీద ఆకలి మందగించినప్పుడు నాలుక మనదైన రుచినే అడుగుతుంది, నాలుగు ముద్దలు లోపలికి పోవడం అక్కడ నిజంగా అవసరం.

బీపీ, గుండె, ఉబ్బసం ఉన్నవాళ్లు, గర్భిణులు టికెట్లు కొనక ముందే డాక్టరును కలవండి. ఎత్తు జబ్బు రాకుండా డయామాక్స్ వాడవచ్చా అనేది కూడా అప్పుడే అడగండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. స్నేహితుడు వేసుకున్నాడని మీరూ వేసుకోకండి.

ఎలా వెళ్లాలి

1. నెల రోజుల ముందు నుంచి నడక మొదలుపెట్టండి.

ఈ విషయంలో మనం అదృష్టవంతులం. అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు మన గుమ్మంలోనే ఉన్నాయి. వారానికి ఒకసారి, వీపున చిన్న సంచితో ఎక్కండి. చిత్తూరు వాళ్లు దగ్గర్లోని ఏ గుట్టనైనా ఎంచుకోవచ్చు.

ఇక్కడే అందరూ చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. "అలిపిరి మెట్లు గంటన్నరలో ఎక్కేస్తాను, నాకేం కాదు" అనుకోవడం. మెట్లు కాళ్లకు బలాన్నిస్తాయి, ఎత్తును తట్టుకునే శక్తి వాటివల్ల రాదు. అది పైన గడిపిన రాత్రుల వల్లే వస్తుంది. నిజానికి దిట్టంగా ఉన్న కుర్రవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు, మొదటి రోజే పరుగులు తీస్తారు కాబట్టి.

2. ఢిల్లీ వరకు రైలు.

తిరుపతి నుంచి హజ్రత్ నిజాముద్దీన్‌కు సంపర్క్ క్రాంతి ఉంది, రోజూ ఉండదు. రోజూ నడిచే కేరళ ఎక్స్‌ప్రెస్ చిత్తూరులోనూ తిరుపతిలోనూ ఆగి న్యూఢిల్లీ చేరుతుంది. చిత్తూరు వాళ్లు తిరుపతి దాకా రానక్కర్లేదు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, వేసవి టికెట్లు ఆ రోజు ఉదయమే చూసుకోవాలి.

జాగ్రత్త: ఢిల్లీలో న్యూఢిల్లీ, పాత ఢిల్లీ, నిజాముద్దీన్ వేర్వేరు స్టేషన్లు. దిగే స్టేషను, ఎక్కే స్టేషను ఒకటి కాకపోతే మధ్యలో కనీసం నాలుగు గంటలు ఉంచుకోండి. మన రైళ్లు ఆలస్యమయ్యేదే ఎక్కువ కనుక, అదే రోజు రాత్రి బండికి కాకుండా మర్నాటి బండికి టికెట్ తీసుకుంటే నిశ్చింత.

3. ఢిల్లీ నుంచి సిమ్లా.

పాత ఢిల్లీలో రాత్రి ఎక్కే నేతాజీ ఎక్స్‌ప్రెస్ తెల్లవారుజామున కాల్కా చేరుస్తుంది. అక్కడి నుంచి చిన్న రైలు. 1903లో మొదలైన ఈ 96 కిలోమీటర్ల దారిలో 102 సొరంగాలున్నాయి, 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కాల్కా 650 మీటర్ల ఎత్తున, సిమ్లా స్టేషను దాదాపు 2,075 మీటర్ల ఎత్తున ఉంటాయి. అయిదారు గంటల్లో నెమ్మదిగా ఎక్కడం ఒంటికీ మంచిదే.

టికెట్ దొరకకపోతే ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి హిమాచల్ ప్రభుత్వ బస్సులున్నాయి. అక్కడే కిన్నౌర్ జిల్లా కేంద్రం రెకాంగ్ పియోకు నేరుగా వెళ్లే బస్సు కూడా ఉంటుంది. రాత్రంతా మలుపుల్లో కూర్చుని ఒక్క ఊపున కిన్నౌర్ చేరడం నేను ఎవరికీ సిఫారసు చేయను. వాంతులతో మొదలైన యాత్ర కుదుటపడడానికి రెండు రోజులు పడుతుంది.

4. సిమ్లాలో ఒక రాత్రి, సరాహన్‌లో ఒక రాత్రి.

సిమ్లా టూటీకండి బస్టాండు నుంచి ఉదయాన్నే బయలుదేరండి. రాంపూర్ దాటి జియోరి దగ్గర కుడివైపు కొండ ఎక్కితే సరాహన్. అక్కడి భీమాకాళి గుడి ఒక వరస రాయి, ఒక వరస దేవదారు దుంగ పేర్చి కట్టినది. భూకంపాలను తట్టుకునే కట్టడం అది. తీరిగ్గా చూడండి, సాయంత్రం చుట్టూ తిరగండి. ఈ రాత్రిని దాటవేయాలని డ్రైవర్లు ఒత్తిడి చేస్తారు, ఒప్పుకోకండి.

5. సరాహన్ నుంచి సాంగ్లా.

మళ్లీ జియోరికి దిగి, సట్లెజ్ వెంట సాగండి. కొండను తొలిచి వేసిన ఈ దారిలో తరండా దేవి గుడి దగ్గర బండ్లు ఆగుతాయి. డ్రైవరు దండం పెట్టుకున్నాకే కదులుతాడు, మీరూ దిగి రెండు నిమిషాలు నిలబడండి. కర్ఛమ్ దగ్గర బస్పా వచ్చి సట్లెజ్‌లో కలుస్తుంది. అక్కడ వంతెన దాటి 18 కిలోమీటర్లు ఎక్కితే సాంగ్లా, ఎత్తు 2,680 మీటర్లు.

నేరుగా సాంగ్లా బస్సు దొరక్కపోతే రెకాంగ్ పియో బస్సెక్కి కర్ఛమ్‌లో గానీ, దానికి కాస్త ముందే వచ్చే టాప్రీలో గానీ దిగి మారండి. "యే బస్ సాంగ్లా జాయేగీ?" అన్న ఒక్క ప్రశ్న చాలు, కిన్నౌర్ వాళ్లు చేయి పట్టుకుని ఎక్కించినంత పని చేస్తారు.

సాంగ్లా చేరేటప్పటికి చీకటి పడకూడదు. ఈ దారిలో రాత్రి ప్రయాణం వద్దే వద్దు.

6. సాంగ్లాలో రెండు రాత్రులు.

మొదటి సాయంత్రం ఏమీ చేయకండి. వేడి టీ తాగి, బజారు దాకా వెళ్లి రండి. మర్నాడు పైనున్న కమ్రు ఊరికి ఎక్కండి. ఈ ప్రాంతాన్ని ఏలిన బుషహర్ రాజుల తొలి కోట అది. లోపలికి వెళ్లాలంటే తలమీద కిన్నౌరీ టోపీ, నడుముకు పట్టీ కట్టుకోవాలి, గుమ్మం దగ్గర వాళ్లే ఇస్తారు. ఊళ్లో బదరీ నారాయణుడి గుడి కూడా ఉంది, తిరుపతి వాళ్లు తప్పక దర్శించుకోండి.

కమ్రు మెట్లు మీకు పరీక్ష లాంటివి. మాట్లాడుతూ ఎక్కగలిగితే సరిగ్గా ఉన్నారు. మధ్యలో ప్రతి పది మెట్లకూ ఆగవలసి వస్తే సాంగ్లాలో మూడో రాత్రి కూడా ఉండండి.

7. రక్ఛమ్‌లో దిగండి. ఈ మెట్టును దాటేయకండి.

చిత్కుల్ పేరు వ్యాపించాక అక్కడ రోడ్డు పక్కన హోటళ్లు చాలా లేచాయి. దానికి పది కిలోమీటర్ల కింద, మూడు వేల మీటర్లకు కాస్త పైన ఉన్న రక్ఛమ్ ఇంకా పల్లెలాగే ఉంది. బండ్లు దాని పక్కనుంచి దూసుకుపోతాయి, అందువల్లే బతికిపోయింది. ఇంటివాళ్లు అద్దెకిచ్చే గది ఒకటి తీసుకోండి. ఓగ్లా పిండితో చేసిన రొట్టె అడగండి, ముందు రోజే చెబితే చేస్తారు.

గదిలో వేడినీళ్లు బకెట్ లెక్కన ఇస్తారు. కట్టెలతో కాచిన నీళ్లవి, ఒక్క బకెట్‌తో సరిపెట్టుకోవడం మర్యాద.

8. రక్ఛమ్ నుంచి చిత్కుల్‌కు నడవండి.

ఉదయం ఏడింటికి బయలుదేరితే మధ్యాహ్నానికి చేరతారు. పది కిలోమీటర్లలో నాలుగు వందల మీటర్లు ఎక్కుతారు, ఏటవాలు ఎక్కడా నిటారుగా ఉండదు. వాహనాలు తక్కువ కాబట్టి రోడ్డు మీదే నడవవచ్చు. ఏటి పక్క కాలిబాటలో వెళ్లాలనుకుంటే ఆ ఏడు అది బాగుందో లేదో ఊళ్లో అడిగాకే దిగండి. దారిలో మస్త్‌రంగ్ దగ్గర సరిహద్దు పోలీసుల తనిఖీ ఉంటుంది, ఆధార్ చేతికందేలా పెట్టుకోండి.

నడుస్తూ ఉంటే దేవదారులు తగ్గి భూర్జవృక్షాలు మొదలవుతాయి. పూర్వం పుస్తకాలు రాసిన భూర్జపత్రం వీటి బెరడే. పల్చటి కాగితంలా పొరలు పొరలుగా లేచి గాలికి చిన్నగా కొట్టుకుంటూ ఉంటుంది. చూడండి, ముట్టుకోండి, చెట్టు నుంచి మాత్రం చీల్చకండి.

రెండు జాగ్రత్తలు. కొండల మీది నుంచి వచ్చే వాగులు ఉదయం పల్చగా, మధ్యాహ్నం మంచు కరిగి ఉద్ధృతంగా ఉంటాయి, దాటవలసినవి పొద్దున్నే దాటండి. బస్పాలో కాలు పెట్టి ఫొటో దిగాలన్న కోరిక మానుకోండి. రాళ్లు నున్నగా ఉంటాయి, పడితే ఆ వేగానికి ఈత రావడం పనికిరాదు.

నడవలేని పెద్దవాళ్లు వెంట ఉంటే వాళ్లను బస్సులోనో టాక్సీలోనో పంపండి. బస్సులు రోజుకు కొన్నే, వేళలు ముందు రోజు సాయంత్రం కనుక్కోవాలి.

9. చిత్కుల్‌లో కనీసం రెండు రాత్రులు.

చాలామంది "చివరి దాబా" బోర్డు దగ్గర ఫొటో తీసుకుని వెనుదిరుగుతారు. అసలు ఊరు గుడి చుట్టూ, సందుల్లో ఉంది. చెక్క ఇళ్లు, పలకరాళ్ల కప్పులు, వాటి పక్కనే నేలకు అంటకుండా రాళ్ల మీద నిలబెట్టిన చెక్క గాదెలు. ఒక గాదె ముందు కాసేపు ఆగి చూడండి. దుంగల మూలలు ఒకదాంట్లో ఒకటి దూర్చి బిగించారు. కిటికీ లేదు, ఉన్నది ఒకే చిన్న తలుపు, దానికి పాతకాలపు పెద్ద తాళం. ఎండకూ మంచుకూ చెక్క నల్లబడిపోయింది. చలికాలమంతా ఆ ఇంటికి కావలసిన ధాన్యం అందులోనే ఉంటుంది. వాగు పక్కన నీటితో తిరిగే విసుర్రాయి కూడా ఉంటుంది, దాన్ని ఘరాట్ అంటారు. పిండి పడుతున్న వేళ వెళ్తే అడిగి చూడండి.

గ్రామదేవత మాథీ దేవి. అమ్మవారు బృందావనం నుంచి బయలుదేరి బదరీనాథ్ మీదుగా ఇక్కడికి చేరిందని ఊరివాళ్లు చెప్పుకుంటారు. గుడి గోడలనూ, దేవత పల్లకీనీ అడగకుండా తాకకండి. తోలు బెల్టు, పర్సు బయట వదలమంటే వదలండి. ఇళ్లనూ మనుషులనూ అడిగాకే ఫొటో తీయండి.

రెండో రోజు నదికి ఎగువన నాగస్తి వైపు నడవండి. నాలుగు కిలోమీటర్ల దూరంలో సరిహద్దు పోలీసుల శిబిరం ఉంది, అనుమతి లేకుండా అది దాటి వెళ్లనివ్వరు. వాళ్లతో వాదించకండి, శిబిరాన్ని ఫొటో తీయకండి. అక్కడి నుంచి ఉత్తరాఖండ్‌లోకి దిగే లంఖాగా, బోరాసు కనుమలు వేరే లోకం, ఈ గైడు వాటికి పనికిరాదు. 2021 అక్టోబరులో లంఖాగా దారిలో మంచు తుపానులో చిక్కుకుని పలువురు ట్రెక్కర్లు చనిపోయారు. గైడు, అనుమతి, అనుభవం మూడూ లేనిదే అటు చూడవద్దు.

ఒళ్లు సరిగా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి

సాంగ్లా నుంచి ప్రతి సాయంత్రం, ప్రతి ఉదయం ఈ నాలుగూ ఒకరినొకరు అడగండి.

- తలనొప్పి ఉందా? నీళ్లు తాగి, పారాసిటమాల్ వేసుకుని పడుకుంటే తగ్గిందా?
- ఆకలి వేస్తోందా, వికారంగా ఉందా?
- మూత్రం లేత రంగులో వస్తోందా? ముదురుగా ఉంటే నీళ్లు చాలడం లేదు.
- ముందు కాలి మడమను వెనక కాలి వేళ్లకు ఆనిస్తూ పది అడుగులు గీత మీద నడిచినట్టు నడవగలరా?

తలనొప్పితో పాటు వికారం, నీరసం ఉంటే అది ఎత్తు జబ్బు. ఆ రోజు పైకి వెళ్లకండి. తగ్గకపోతే సాంగ్లాకు దిగండి. నడకలో తూలుతున్నా, మాట తడబడుతున్నా, కూర్చున్నప్పుడూ ఆయాసం వస్తున్నా, దగ్గులో నురగ పడుతున్నా ఆ క్షణమే కిందికి దించాలి. "తెల్లారాక చూద్దాం" అన్న మాటే ప్రాణాలు తీస్తుంది. రాత్రి ప్రయాణం వద్దన్న నియమం ఈ ఒక్కచోట వర్తించదు, స్థానిక డ్రైవరును లేపండి. జిల్లా పెద్ద ఆసుపత్రి రెకాంగ్ పియోలో ఉంది. అత్యవసర నంబర్లు 108, 112.

పిల్లలు చెప్పలేరు. ఆడుకునే పిల్ల ఒక్కసారిగా మూలన కూర్చుని, ఇష్టమైనది పెట్టినా తినకపోతే అదే లక్షణం అనుకోండి.

తరచూ జరిగే పొరపాట్లు

చలిగా ఉందని నీళ్లు తాగకపోవడం మొదటిది. దాహం వేయదు, అయినా రోజుకు మూడు లీటర్లు లోపలికి పోవాలి. ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు పెట్టుకుంటే తేలిక.

చలికి మద్యం పుచ్చుకోవడం. కాసేపు వెచ్చగా అనిపిస్తుంది గానీ ఒంట్లో వేడి బయటికి పోతుంది, శ్వాస మందగిస్తుంది. పైన ఉన్నన్ని రోజులూ మానండి.

తడి సాక్సులతో పడుకోవడం, చెమట పట్టిన బనీనుతోనే సాయంత్రం చలిలో నిలబడడం. గది చేరగానే ముందు బట్టలు మార్చండి.

అన్నం ఉడకలేదని ఇంటివాళ్లను తప్పుపట్టడం. అంత ఎత్తులో నీళ్లు 88, 89 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్ లేకుండా పప్పు మెత్తబడదు. భోజనం గంట ముందే చెప్పి ఉంచండి.

చెత్త వదిలి రావడం. హిమాచల్‌లో ప్లాస్టిక్ సంచుల మీద నిషేధం ఉంది. మీరు తీసుకెళ్లిన బిస్కెట్ కాగితాలు, ఊరగాయ ప్యాకెట్లు ఒక సంచిలో వేసి సిమ్లా దాకా మోసుకురండి. చిత్కుల్‌లో పారేసిన కవరు నేరుగా బస్పాలోకి వెళ్తుంది.

తిరుగు ప్రయాణం

బయలుదేరే ముందు రోజు సాయంత్రం కింది దారి తెరిచి ఉందో లేదో సాంగ్లా నుంచి వచ్చిన బస్సు కండక్టరునే అడగండి. అంతకంటే నమ్మదగిన సమాచారం దొరకదు. మొదటి బస్సుకే ఎక్కండి. రాంపూర్‌లో ఒక రాత్రి, మర్నాడు సిమ్లా మీదుగా కాల్కా. ఢిల్లీ నుంచి తిరుపతికి ఎక్కే రైలుకు ముందు ఒక రోజు పూర్తిగా ఖాళీ ఉంచండి. కొండదారిలో ఒక బండరాయి పడితే సగం రోజు పోతుంది, తిరుపతి రైలు టికెట్ మళ్లీ అప్పటికప్పుడు దొరకదు. రాయి పడకపోతే ఆ రోజు ఢిల్లీలో నిద్రపోండి.